చీకటి చూపించని కళ్ళద్దాలు

పట్టపగలు అరుంధతీ నక్షత్రం నిజంగా కనిపించిన పెళ్ళికూతురు ఈ భూమ్మీద హైమావతి ఒక్కతే అయి ఉంటుంది.

మామూలుగా ఆ తంతు ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. పంతులుగారు వధూవరుల్ని పందిరి బయటికి తీసుకొచ్చి, ఆకాశంలోకి వేలు చూపించి, అదిగో అరుంధతి అంటారు. పెళ్ళికొడుకు కళ్ళు చికిలిస్తాడు. అక్కడ ఎండ తప్ప ఏమీ ఉండదు. కనిపించిందా అంటే మాత్రం కనిపించిందంటాడు. పెళ్ళికూతురూ అదే మాట అంటుంది. లేదంటే భోజనాలు ఆలస్యమవుతాయి. ఇందులో ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యరు. అదొక ముచ్చట.

కంచరపాలెం కల్యాణ మండపం ముందు ఆరోజు కూడా అంతే జరగాల్సింది. పెళ్ళికొడుకు పేరు సన్యాసిరావు. సన్యాసికి పెళ్ళేమిట్రా అని పొద్దుట్నుంచీ స్నేహితులు ఆటపట్టిస్తూనే ఉన్నారు. అతను ఒకసారి తలెత్తి, "కనిపించింది పంతులుగారూ" అనేసి బాసికం సర్దుకున్నాడు.

"అమ్మాయికో?"

హైమ తల పైకెత్తింది. ముఖానికి నల్లటి మందపాటి కళ్ళద్దాలున్నాయి. పట్టుచీర మీద అవేం బాగుంటాయని ఆడపెళ్ళివారే సణిగారు కానీ ఆమె తియ్యలేదు.

"అబ్బ! ఎంత మెరుస్తందో! పక్కన ఇంకోటి కూడా ఉంది పంతులుగారూ, కాస్త పెద్దది. అదేనా వశిష్ఠుడు?"

అందరూ గొల్లుమన్నారు. పంతులుగారు మాత్రం నవ్వలేదు. ఎన్ని పెళ్ళిళ్ళు చేయించారో గానీ, ఈ ఘట్టంలో తానుగా పైకి చూడటం ఆయనకి అదే మొదటిసారి.

హైమ అక్క నీలవేణి కూడా నవ్వలేదు. ఆ కళ్ళద్దాలు తయారుచేసిన నలుగురిలో ఆమె ఒకర్తె. అవి ఏం చెయ్యగలవో, ఏం చెయ్యకూడదో ఆమెకి బాగా తెలుసు. లేని చుక్కని చూపించడం వాటి పని కాదు.

హైమకి చిన్నప్పట్నుంచీ చూపు అంచుల్నుంచి కొరుక్కుపోతూ వచ్చింది. పెళ్ళీడుకి వచ్చేసరికి తాళం కప్ప రంధ్రంలోంచి చూసినంత మిగిలింది. చెల్లెలి కోసమే నీలవేణి ఆ చదువు చదివింది, ఆ చదువు కోసమే భీమిలి దారిలో ఉన్న నేత్ర పరిశోధనశాలలో చేరింది. కళ్ళద్దాల నడుమ చిన్న కెమెరా, కంటి నరం మీద అతికించిన గోరంత పొర. కెమెరాకి అందింది ఆ పొర మెదడుకి చేరవేస్తుంది. అంతా కాదు. గుమ్మం అంచు, మెట్టు చివర, ఎదురొచ్చే మనిషి ఆకారం, అంతే. హైమ సొంత చూపు అలాగే ఉంటుంది, దాని చుట్టూ యంత్రం కొంచెం సాయం గీస్తుంది.

ఆ గీసేదంతా పసుపు రంగులోనే ఉండాలని నీలవేణి పట్టుబట్టింది. మనిషికి తెలియాలి కదా, ఏది తన కన్ను చూసింది, ఏది యంత్రం చేర్చింది అని. మొదటిరోజు ప్రయోగశాలలో అద్దాలు పెట్టుకుని హైమ, "ఏటప్పా, గడపలకే కాదు, మనుషులక్కూడా పసుపు రాసేశారా?" అని పకపకా నవ్వింది. మర్నాడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సెక్కి పనికెళ్ళింది.

పరిశోధనశాలలో వాళ్ళు దీన్ని ఏఆర్ అనేవాళ్ళు. ఆగ్మెంటెడ్ రియాలిటీ. వీఆర్, అంటే వర్చువల్ రియాలిటీ, అని ఇంకోటుంది కదా, తేడా ఏంటని హైమ ఒకసారి అక్కని అడిగింది.

"ఏఆర్ నీ పక్కన నడిచే మనిషి. అదిగో మెట్టు, చూసుకో అని చెప్తాడు. వీఆర్ నీకు అడ్డంగా నిలబడే మనిషి. వీధీ వాడిదే, మెట్టూ వాడిదే. వాడు చూపించిందే నువ్వు చూడాలి."

"ఆటలకైతే బావుంటుందేమో."

"ఆటలకి బావుంటుంది. రోడ్డు దాటడానికి పనికిరాదు."

అలాంటిది ఇప్పుడు మిట్టమధ్యాహ్నం ఆకాశంలో రెండు నక్షత్రాలు. నీలవేణి జనాన్ని తోసుకుంటూ చెల్లెలి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"హైమా, పసుపు గీతలు కనిపిస్తున్నాయా?"

"లేవు కదప్పా. రెండు వారాల కింద కంటి పరీక్షకెళ్ళినప్పుడు మీ డాక్టర్ కామేశంగారు తీసేశారు. కొత్త వెర్షన్, పెళ్ళి కానుక అన్నారు. అంతా నిండుగా, రంగురంగులుగా ఉంది. నీకు తెలుసనుకున్నానే."

పెళ్ళి పనుల కోసం నీలవేణి సెలవు పెట్టి మూడు వారాలైంది. ఆమెకేం తెలుసు? భయానికి కన్నీళ్ళు చెంపల మీదికి కారిపోయాయి.

"నన్ను చూడు. నా మొహం ఎలా ఉంది?"

"నవ్వుతున్నావు."

"మామ్మో?"

"మామ్మా నవ్వుతంది. రెండు వారాలై చూస్తన్నాను, ఎంత బాగా నవ్వుతందో."

పక్కనే ఉన్న మామ్మ పైడితల్లమ్మ కొంగు నోట్లోంచి తీసి, "నానెక్కడ నవ్వినానే? నువ్వెల్లిపోతన్నావని పొద్దుగాల్నుంచీ ఏడస్తన్నాను" అంది.

హైమ ముఖంలో నవ్వు చెదిరింది. సన్యాసిరావుకి సంగతి లీలగా అర్థమైంది. అతనిది బేకరీ. కుర్రతనంలో పొయ్యి తలుపు ఎగజిమ్మిన మంటకి ఎడమ చెంప కాలి, తోలు ముడతలు పడి ఉంటుంది. అతను భార్య చెయ్యి తీసుకుని ఆ చెంప మీద పెట్టాడు.

"తగ్గిపోయింది కదా ఇది?" అంది హైమ, వేళ్ళు కదుపుతూ. "నునుపుగా కనిపిస్తంటే, ఏదో మందు రాస్తన్నావనుకున్నాను."

"తగ్గలేదు హైమా. తగ్గదు కూడా."

భోజనాలయ్యాక, పెళ్ళికూతురి గదిలో తలుపేసి నీలవేణి అంతా చెప్పింది. రెప్ప పడినప్పుడల్లా బొమ్మ తెగిపోయి రోగులు చికాకు పడుతున్నారని, ఆ ఒక్క క్షణాన్ని పూడ్చడానికి తానే ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. కామేశం దానికి హద్దు తీసేసి ఉంటాడు. ఇప్పుడది రెప్పపాటునే కాదు, అన్నిటినీ పూడుస్తోంది. అద్దాల మైకు విన్న మాటల్ని బట్టి, అంతకుముందు చూసిన బొమ్మల్ని బట్టి, ఇలా ఉంటే బావుంటుందని తానే గీసేస్తోంది.

"అద్దాలు తీసెయ్యి హైమా. పాత పద్ధతికి మార్పించేదాకా."

హైమ తియ్యలేదు. పైగా విరుచుకుపడింది.

"ఈరోజే చెప్పాలా నీకు? మొన్నటిదాకా పెళ్ళిలో ఎవరెలా ఉంటారో చూడలేనని ఎంత ఏడ్చానో తెలుసా? చూశాను. కడుపునిండా చూశాను. అబద్ధమైతే అయింది, ఉండనీ. నీ పసుపు గీతలు నాకొద్దు!"

నీలవేణి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక చెల్లెలు నిండుగా చూసిన లోకం ఇదొక్కటే. దాన్ని లాక్కోవడానికి తానెవరు?

ఆ 'ఉండనీ' నాలుగు రోజులు నడిచింది. ఐదోరోజు ఉదయం హైమ బేకరీకని బయల్దేరింది. వీధిలో నీళ్ళ పైపుల కోసం గొయ్యి తవ్వి, చుట్టూ తాడు కూడా కట్టకుండా వదిలేశారు. హైమకి కనిపించిన వీధిలో గొయ్యి లేదు. ఊడ్చి ముగ్గేసినంత శుభ్రంగా ఉంది. ఆ శుభ్రమైన వీధి మీద కాలేసి, నడుం లోతు బురదలోకి పడింది.

నీలవేణి ఆస్పత్రికి పరిగెత్తేసరికి కట్టు కట్టేశారు. మణికట్టు విరిగింది. సన్యాసిరావు ఒంటి నిండా మైదాపిండితో అలాగే వచ్చి పక్కన కూర్చున్నాడు. హైమ కళ్ళద్దాలు ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"గొయ్యిలో పడ్డాక కూడా నాకు వీధే కనిపించిందప్పా," అంది. "బురదలో మునిగి అరుస్తంటే నా ఎదురుగా ఎండ కాస్తా ఉంది. జనం నవ్వుకుంటా పోతన్నారు. నేను చస్తే కూడా నాకు తెలియనివ్వదు ఇది. నా కళ్ళకి కాపలా పెట్టి, నన్నే బయట నిలబెట్టారు."

"కామేశంగారి దగ్గరికి వెళ్తున్నాను," అంది నీలవేణి.

డాక్టర్ కామేశం దుర్మార్గుడేమీ కాదు. నిజానికి దుర్మార్గుడైతే పని తేలికయ్యేది. ఇరవై ఏళ్ళు ఆ ఒక్క పని మీదే బతికిన మనిషి. నీలవేణి మాట పూర్తిగా విని, కుర్చీ చూపించి, ఆమె కూర్చోకపోతే తానూ లేచి నిలబడ్డాడు.

"గొయ్యి సంగతి విని చాలా బాధపడ్డాను. లోపం ఉంది, సరిచేస్తాం. కానీ నువ్వొక్కటి ఆలోచించు. మొదటి వెర్షన్ ఇచ్చినప్పుడు ఏమైంది? సగంమంది అద్దాలు సొరుగులో పడేశారు. చుట్టూ ఉన్న చీకటిని చూసి దిగులు పెట్టుకున్నారు. అందుకే రెండో వెర్షన్‌కి మొదటి నియమం అదే పెట్టాను. చీకటి చూపించకూడదు. ఇప్పుడు ఎవర్నైనా అడుగు. కనిపిస్తోందా అంటే అందరూ కనిపిస్తోందనే అంటున్నారు."

"మనవాళ్ళని అలా అడిగితే ఇంకేమంటారు సార్? పగలు అరుంధతి కనిపించిందా అన్నా అవుననే అంటారు. పెద్దమనిషి వేలు చూపించాక కనపడలేదనడం మనకి మర్యాద కాదు. మీరు వాళ్ళ మర్యాదని కొలిచి చూపు అనుకున్నారు."

ఆయన ముఖం ఎర్రబడింది. నీలవేణి ఆగలేదు. ఆస్పత్రిలో తీయించిన పరీక్ష కాగితం బల్ల మీద పెట్టింది. కట్టుకథ బొమ్మ కమ్ముకుపోవడం వల్ల హైమ సొంత చూపుకి పని లేకుండా పోయి, ఆ మిగిలిన కాస్తా సన్నగిల్లుతోంది. ఇంకో రెండు నెలలు ఇలాగే సాగితే అది పూర్తిగా పోతుంది. తిరిగి రాదు.

"తాళంకప్ప రంధ్రమంత చూపు," అన్నాడు కామేశం నెమ్మదిగా. "దాని కోసం లోకాన్నే వదులుకోమంటావా?"

"ఆ రంధ్రం దానిది సార్. మీరిచ్చిన లోకం మీది. పాత పద్ధతికి మార్చే అంకెల తాళం మీ ఒక్కరి దగ్గరే ఉంది, ఇవ్వండి. హైమకే కాదు, మిగతా వాళ్ళందరికీ ఏం పెట్టారో చెప్పండి."

"సోమవారం ప్రదర్శన ఉంది. ఢిల్లీ నుంచి అధికారులొస్తున్నారు. ఇప్పుడు ఒక్క మాట బయటికొచ్చినా ఈ సంస్థ మూతపడుతుంది. అది అయ్యాక చూద్దాం. మీ చెల్లెలు వేదిక మీదికి రావాలి, అందరికంటే బాగా మాట్లాడేది తనే. తర్వాత నువ్వేం చెప్తే అది చేస్తాను."

ఆ మాట విని నీలవేణికి ఒళ్ళు మండిపోయింది. తలుపు ధడాలున వేసి వచ్చేసింది.

హైమ మాత్రం ఆ కబురు విని, "వస్తానని చెప్పు" అంది.

"పిచ్చా నీకు?"

"నేనక్కడికెళ్ళి ఇది అబద్ధమని చెప్తే ఎవరు నమ్ముతారు? గొయ్యిలో పడిన కోపమంటారు. నేనేమీ చెప్పను. ఆయనడిగిందానికల్లా కనిపించింది కనిపించినట్టే చెప్తాను. నువ్వు మాత్రం మధ్యలో ఆ హాలు దీపాలన్నీ ఆర్పెయ్యి. ఎప్పుడార్పుతావో నాతో చెప్పకు. చెప్తే నేను నటించాననుకుంటారు."

నీలవేణి చెల్లెలి ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు గుడ్డిదానా అని పిలిచిన పిల్లల్ని గొంతుల్ని బట్టి పోల్చుకుని రాళ్ళతో తరిమిన మొండి పిల్ల మళ్ళీ కనిపించింది.

"ఉద్యోగం పోతుందే నాది."

"పోనీ. బేకరీలో బోలెడు పనుంది."

సోమవారం పదకొండు గంటలకి హాలు నిండిపోయింది. శబ్దం లోపలికి రాకుండా కట్టిన ఆ హాలుకి కిటికీలు లేవు. కొత్త వెర్షన్ సంగతి బయటికి పొక్కకూడదని సెల్‌ఫోన్లన్నీ గుమ్మం దగ్గరే పెట్టించారు. ముందు వరుసల్లో అధికారులు, డబ్బు పెట్టే పెద్దలు. వెనక వరుసల్లో అద్దాలు పెట్టుకున్న రోగులు, వాళ్ళ ఇంటివాళ్ళు. సన్యాసిరావు కూడా అక్కడే, ఎల్లాజీ అనే ముసలి జాలరి పక్కన కూర్చున్నాడు. నీలవేణి వేదిక పక్క తెర వెనక, కరెంటు బోర్డు దగ్గర నిలబడింది. చెయ్యి హాలు దీపాల మీట మీదే ఉంది.

హైమ చేతికట్టుతో వేదిక మధ్యకి వచ్చింది. కామేశం ఆమెని ఎంతో ఆప్యాయంగా పరిచయం చేసి, "ఏం కనిపిస్తోందమ్మా?" అన్నాడు.

"పెద్ద హాలండీ. ఎర్ర కుర్చీలు. ముందు వరుసలో తెల్లచొక్కాలేసుకున్న పెద్దలు. ఒక మేడమ్ ఆకుపచ్చ చీర కట్టుకున్నారు."

ఢిల్లీ అధికారిణి తన చీర చూసుకుని తలూపింది. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యే నీలవేణి మీట కిందికి లాగింది.

హాలు కాటుకలా అయిపోయింది. పక్కనున్న మనిషి ముక్కు కూడా కనపడదు. ఎవరో కెవ్వుమన్నారు, కుర్చీలు కదిలాయి. ఆ చీకట్లోంచి హైమ గొంతు ఏ తడబాటూ లేకుండా సాగిపోయింది.

"గోడల నిండా పూలదండలు కట్టారండీ. బంతిపూలు. మేడమ్ గారు నవ్వుతున్నారు. ఆ పక్కాయన కూడా నవ్వుతున్నారు. అందరూ ఎంత వెలుగ్గా..."

గోడలకి ఒక్క దండా లేదు. ఆ సంగతి ముందు వరుసలో ఉన్నవాళ్ళకి ఇందాకటి వెలుగులోనే తెలుసు. చీకట్లో కూర్చుని, తమ నవ్వుల గురించి ఒక గుడ్డి పిల్ల చెప్తుంటే వింటున్నారు. ఒక్కరూ నవ్వడం లేదు.

"ఇందాక ఎవరో అరిచారే?" అంది హైమ. "ఎందుకు?"

వెనక వరుసలోంచి ఎల్లాజీ గొంతు ఖంగుమంది. "ఏటైనాది? కుర్సీలెందుకు తోసుకుంతన్నారు? అంతా ఎలుగే కదా!"

ఇంకో రోగి, "అవును, బానే ఉంది కదా, భయమెందుకు?" అంది. అద్దాలు పెట్టుకున్న వాళ్ళందరూ ఆ చిమ్మచీకట్లో ప్రశాంతంగా కూర్చుని, కళ్ళున్నవాళ్ళకి ధైర్యం చెబుతున్నారు.

హైమకి అప్పుడు అర్థమైంది. "అప్పా, ఆర్పేశావా?"

"ఆర్పేశాను." నీలవేణి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "పూలదండలకి ముందే."

"మేడమ్, మీకేం కనిపిస్తంది?"

"ఏమీ లేదమ్మా." అధికారిణి అంది. "చీకటి."

"నాకు మీరు నవ్వుతా కనిపిస్తన్నారు. నవ్వుతున్నారా?"

నీలవేణి మీట పైకి తోసింది. దీపాలు వెలిగేసరికి కామేశం మైకు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. సాంకేతిక లోపం అని ఏదో మొదలుపెట్టాడు.

"ఇందులో లోపం లేదు మేడమ్," అంటూ నీలవేణి తెర వెనకనుంచి బయటికొచ్చింది. "చీకటిని చూపించొద్దని చెప్పారు, చూపించలేదు. ఏడుపు చూపించొద్దన్నారు, గొయ్యి చూపించొద్దన్నారు. అన్నీ సరిగ్గానే చేసింది. దాన్ని మొదలుపెట్టింది నేను, ఆపమంటున్నదీ నేనే. ఉద్యోగంలోంచి తీసేస్తారా, తీసెయ్యండి. కానీ వీళ్ళ కళ్ళ తాళం వీళ్ళకివ్వకుండా నేనిక్కణ్ణుంచి కదలను."

అధికారిణి కామేశం వైపు తిరిగింది. "వీళ్ళకి చెప్పారా, చూసేది యంత్రం కల్పించిందని?"

"వాళ్ళు సంతోషంగా ఉన్నారు."

"నేనడిగింది అది కాదు."

కామేశం వెనక వరుసల కేసి చూశాడు. ఆయన తెచ్చిన వెలుగులో వాళ్ళింకా చిరునవ్వుతోనే ఉన్నారు. ఎందుకో ఆ నవ్వుల ముందు ఆయన తల వాలిపోయింది. జేబులోంచి చిన్న పరికరం తీసి, అంకెలు నొక్కి, నీలవేణి చేతిలో పెట్టాడు.

నీలవేణి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి విషయం చెప్పి, మార్చమంటారా అని అడిగింది. చాలామంది మార్చమన్నారు. ఎల్లాజీ మాత్రం రెండు చేతులతో అద్దాలు గట్టిగా పట్టుకున్నాడు.

"నాకొద్దు తల్లీ. ఇందులో నా పడవ కొత్తగా ఉంటాది. నానిలాగే సూస్తాను."

"అది యంత్రం గీసిన పడవ తాతా."

"తెలిసినాది కదా ఇప్పుడు. తెలిసే సూస్తాను. నువ్వెవలు ఒద్దనడానికి?"

వేదిక మీంచి హైమ అరిచింది. "ఉండనీ అప్పా! తెలిసి ఉంచుకుంటే ఆయనిష్టం. తెలియకుండా పెట్టిందే దొంగతనం."

చివరికి హైమ వంతు వచ్చింది. అంకెలు నొక్కగానే ఎర్ర కుర్చీలు, బంతిపూలు, నవ్వులు అన్నీ గుప్పున ఆరిపోయాయి. మిగిలిన రంధ్రం ఇంకా చిన్నదైపోయింది. చుట్టూ బూడిదరంగు, అందులో అక్కడక్కడ వణికే పసుపు గీతలు. ఆమె హాయిగా ఏడ్చింది. ఏడుస్తూనే ఎవరి భుజమూ పట్టుకోకుండా మెట్లు దిగింది.

ఇన్నాళ్ళూ చూసుకుని నడవడం మరిచిపోయిన కాళ్ళు అవి. గీత కనిపించి, ఆగుదామనుకునే లోపలే మోకాలు ఫట్‌మని ఒక కుర్చీకి కొట్టుకుంది. హాల్లో సగంమంది లేచారు. అధికారిణి, కామేశం, ఇద్దరు నౌకర్లు అందరూ ఒకేసారి చేతులు చాపి పరిగెత్తుకొచ్చారు. ఎవరో కుర్చీని పక్కకి లాగబోయారు.

హైమ మంచి చేత్తో ఆ కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"వదలండి! దాన్నక్కడే ఉండనీండి. ఉన్నదాన్ని గుద్దుకోనివ్వండి నన్ను."